గడిలో రాసిన పేరు

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి కాస్త ముందుకు పోతే లాల్‌గడి మలక్‌పేట్ తగులుతుంది. మలక్‌పేట అనగానే మనకు తోచేది పట్నంలో మూసీ అవతల వున్న మలక్‌పేట. రెండూ కలిసిపోకుండా ఈ ఊరి పేరుకు ముందు "లాల్‌గడి" అండగా నిలబడింది. ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బలక్ష్ములుంటే పెద్ద సుబ్బులు, చిన్న సుబ్బులు అని మనం పిలుచుకోమూ, అలాగన్నమాట.

గడి అనే మాటకు రెండర్థాలున్నాయి. తెలంగాణలో గడి అంటే దొరలుండే పెద్ద భవంతి. రెండో గడి మనందరికీ తెలిసిందే. చాకలిపద్దు పుస్తకంలో స్కేలు పెట్టి గీసుకుంటామే, ఆ గడి. ఇంగ్లీషువాళ్ళు కాలమ్ అంటారు. నేను చెప్పబోయేది రెండో గడి కథ. కానీ మొదటి గడిలో కూర్చున్నవాళ్ళ పెత్తనమంతా రెండో గడిలో రాసిన రాతల మీదే నడిచింది కనుక రెండూ చుట్టాలే అనుకోండి.

ఈ ప్రాంతం చిరునామానే చూడండి. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో వుండేది. పట్నం చుట్టుపక్కల నేల అని దాని అర్థం. ఇది నిజాం సొంత ఖర్చుల కింద వుండే భూమి, సర్ఫెఖాస్. నిజాం రాజ్యం పోయాక హైదరాబాదు జిల్లా అయింది. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. చెరువు కదల్లేదు, చేను కదల్లేదు, గట్టు మీది తాటిచెట్టూ కదల్లేదు. కాగితం మీద మాత్రం పొలం నాలుగు జిల్లాలు తిరిగొచ్చింది. ఆ నాలుగు జిల్లాల కాగితాల్లోనూ ఈ చేను ఆ చేనే అని రుజువు చేసుకోవలసింది ఎవరయ్యా అంటే, కట్టెపట్టుకుని కచేరీ మెట్లెక్కే ముసలమ్మ.

కాగితాలకు పేర్లు పెట్టడం, పెట్టిన పేరును అందరూ ఒక్కలాగే రాయడం చాలా చిన్న విషయంలా కనబడుతుంది. మన వంటింట్లో పసుపు డబ్బా మీద పసుపు అని చీటీ అంటించడం లాంటిది. అయితే ఆ వంటింట్లో వందమంది వండుతూ, ఒకరు పసుపనీ, ఒకరు హల్దీ అనీ, ఒకరు టర్మరిక్ అనీ, ఇంకొకరు "అత్తగారి పెట్టెలోది" అనీ రాస్తే ఏమవుతుంది? అచ్చంగా అదే అయింది మన భూముల లెక్కల్లో.

హైదరాబాదు రాజ్యంలో పంతొమ్మిదో శతాబ్దం సగం దాకా ప్రభుత్వ కాగితాలు ప్రభుత్వం దగ్గర లేవు. నమ్మశక్యంగా లేదు కదూ! భూముల పన్నులు, జాగీర్లు, ఇనాములు, మన్సబులు, వీటి లెక్కలన్నీ వంశపారంపర్యంగా వచ్చే దఫ్తర్‌దారుల ఇళ్ళల్లో వుండేవి. మరఠ్వాడా వైపు లెక్కలు రాయ్‌రాయన్ కుటుంబం చూసేది. దాన్ని దఫ్తర్-ఎ-దివానీ అనేవారు. తెలంగాణ వైపు లెక్కలు మాల్‌వాలా వంశంవారివి. అది దఫ్తర్-ఎ-మాల్. ఆ మాల్ అన్న మాటే వాళ్ళ ఇంటిపేరు అయింది. చార్మినారు దగ్గర మాల్‌వాలా ప్యాలెస్ అని కొయ్య చెక్కడాల మేడ వుండేది. 2000లో దాన్ని చాలామటుకు కూలగొట్టారు. మన దస్త్రం అనే మాట కూడా ఆ దఫ్తర్ పుట్టింటిదే.

ఈ ఇళ్ళల్లో లెక్కలు ఫారసీలో వుండేవి. అంకెలు మనమనుకునే అంకెలు కావు. సియాక్ అని, అరబ్బీ సంఖ్యావాచకాలనే కుదించి గిలికిన గుర్తులు. నేర్చినవాడికి తప్ప ఇంకొకడికి అర్థంకావు. అర్థంకాకపోవడమే దాని గొప్పతనం! దఫ్తర్‌దారు సంతకం లేకపోతే సనదు చెల్లదు. ఆయన మనవడికి తప్ప వేరెవరికీ ఆ కట్టల్లో ఏది ఎక్కడుందో తెలియదు. మన బామ్మలు కొందరు ఊరగాయ జాడీలకు చీటీలు అంటించరు, చూశారూ? అడిగితే "నాకు తెలుసులే" అంటారు. తెలియడమే వాళ్ళ అధికారం. చీటీ అంటిస్తే కోడలు తనంతట తానే తీసుకుంటుంది మరి.

1853లో ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు మీర్ తురాబ్ అలీఖాన్ దివాను అయ్యాడు. మనకు మొదటి సాలార్‌జంగుగా తెలిసినాయన. ఖజానా ఖాళీ. పన్నులు వసూలు చేసే హక్కును గుత్తకిచ్చేస్తున్నారు. అరబ్బు, రోహిలా జమేదార్లు అప్పులిచ్చి తాలూకాలను తాకట్టు పెట్టుకుంటున్నారు. ఎవరి దగ్గర ఎంత భూమి వుందో చెప్పమంటే చెప్పగలిగినవాళ్ళు పైన చెప్పిన ఇళ్ళవాళ్ళే. ఇంకొకరైతే సిపాయీలను పంపి ఆ కట్టలు బండ్లకెత్తించేవాళ్ళేమో. సాలార్‌జంగు అలా చెయ్యలేదు. దఫ్తర్‌దారుల జాగీర్ల జోలికి పోలేదు, దర్బారులో వాళ్ళ మర్యాదలు తగ్గించలేదు. పక్కనే కొత్త కచేరీలు తెరిచాడు. గుత్తేదార్ల బదులు జీతాల మీద తాలూక్‌దార్లను వేశాడు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళను రప్పించాడు. తర్వాత మొహసినుల్‌ముల్క్‌గా పేరుపడ్డ మెహదీ అలీ 1874లో అలా వచ్చినవాడే. రోజువారీ కాగితం కొత్త కచేరీ దారి పట్టాక, పాత దఫ్తరుకు మర్యాద మిగిలింది గానీ పని మిగల్లేదు. 1883లో కలరాతో ఆయన పోయేనాటికి పాలన వ్యవహారమంతా చాలావరకు ఈ కొత్త దారిన పడింది.

నా మటుకు నాకు ఆయన చేసిన పనుల్లో ఇదే గొప్పగా తోస్తుంది. మ్యూజియం చూడ్డానికి వెళ్ళి గడియారం బొమ్మ దగ్గర నిలబడి వచ్చేస్తాం మనం. ఆ మ్యూజియం వస్తువులు ఎక్కువగా మనవడు మూడో సాలార్‌జంగు సేకరించినవి. తాతగారి సేకరణ కాగితాలు. పాత దఫ్తర్ల కట్టలు కాలక్రమాన ప్రభుత్వం చేతికొచ్చి, ఇప్పుడు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వున్నాయి. షాజహాను, ఔరంగజేబుల నాటి మొగలాయి కాగితాలే అక్కడ లక్షన్నర దాకా వున్నాయి.

1875-76 ప్రాంతంలో బొంబాయి పద్ధతిలో భూముల సర్వే మొదలైంది. దాదాపు అదే సమయాన, 1876లో, అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన గ్రంథాలయంలో పుస్తకాలకు దశాంశ అంకెలు వేసి అచ్చొత్తించాడు. అక్కడ పుస్తకానికి అంకె, ఇక్కడ పొలానికి అంకె. అంతకుముందు పొలానికి అంకె లేదు. పేరు వుండేది. చింతచెట్టు చెలక, దొరబావి కింది మడి, ఈదులబంధం, ఇలాంటివి. చింతచెట్టు పడిపోయినా చెలక పేరు అదే. కాకపోతే పక్క ఊళ్ళోనూ ఒక చింతచెట్టు చెలక వుంటుంది. సర్వేవాళ్ళు గొలుసులు పట్టి కొలిచి, హద్దురాళ్ళు పాతి, సర్వే నెంబరు వేసి, సేత్వార్ అనే పుస్తకంలో ఎక్కించారు. నెంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్కటి.

ఊళ్ళో దాన్ని వెంటనే వాడుకున్నారనుకునేరు! పట్వారీ పై కచేరీకి పంపే లెక్కలో నెంబరు రాశాడు, ఇంట్లో తన సొంత చిట్టాలో చింతచెట్టు చెలక అనే రాసుకున్నాడు. రైతు ఇప్పటికీ అలాగే అంటాడు, ఆయన్ని తప్పుపట్టలేం. అయితే ఊరి పేరుకూ సర్కారు నెంబరుకూ నడుమ వంతెన పట్వారీ ఒక్కడే అయ్యాడు. వంతెన మీద సుంకం వుంటుంది కదా.

దీనికి తోడు భాషల గొడవ. 1884 ప్రాంతంలో ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. ఊళ్ళో మాట తెలుగు, రాత ఉర్దూ. ఉర్దూలో మామూలుగా హ్రస్వాచ్చులు రాయరు, ల-ళ తేడా లేదు, ణ లేదు. ఎల్లమ్మ పేరు అలిఫ్‌తో రాస్తే అది ఎల్లమ్మో, ఇల్లమ్మో చదివేవాడి దయ. తర్వాతెప్పుడో దాన్ని తెలుగులోకి దించిన గుమాస్తా ఇల్లమ్మ అని దించితే, ఎల్లమ్మ కొడుకులు తాము ఎల్లమ్మ కొడుకులమేనని సాక్షుల్ని తెచ్చుకోవాలి. ఏళ్ళ లెక్కా అంతే. కచేరీలో ఫసలీ, మసీదులో హిజ్రీ, రైల్వేలో ఇంగ్లీషు. ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు చట్టమంటే 1907 నాటిదన్నమాట. నాకు ఈ 590 కూడిక పెళ్ళినాటి తేదీకన్నా బాగా గుర్తుండిపోయింది.

1948 తర్వాత తొందర తొందరగా మార్పులొచ్చాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే కొత్త మాట ఒక గడిలోకొచ్చి కూర్చుంది. ఆ గడిలో పేరెక్కినవాడికి నేల దక్కే దారి తెరుచుకుంది, ఎక్కనివాడు అదే చేను ముప్ఫయ్యేళ్ళు దున్నినా కూలివాడే. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీలో ఎవరి పేరు ఏ గడిలో వుందన్నది ఈనాటికీ కోర్టుల్లో తెరిచి చూస్తారు.

ఇంతలో 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రెండు సంసారాలు ఒక ఇంట్లో చేరితే గిన్నెలన్నీ రెండేసి అవుతాయి చూశారా, అలా అయింది. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్. ఇక్కడ సేత్వార్, అక్కడ డైగ్లాట్. ఇక్కడ టిప్పన్, అక్కడ ఎఫ్.ఎమ్.బి. ఇక్కడ ఖుష్కీ, తరీ. అక్కడ మెట్ట, మాగాణి. ఇక్కడ పట్వారీ, అక్కడ కరణం. ఎకరానికి ఇక్కడ 40 గుంటలు, అక్కడ 100 సెంట్లు. గుంటంటే 121 చదరపు గజాలు, సెంటంటే 48 గజాల చిల్లర. గుంటకు రెండున్నర సెంట్లు. బదిలీ మీద అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ వచ్చినప్పుడు ఈ రెండున్నర దగ్గర ఎన్ని పద్దులు తడబడ్డాయో!

కాగితాల భద్రతకు మద్రాసు వైపు నుంచి ఒక పద్ధతి వచ్చింది. టాటెన్‌హామ్ పద్ధతి అని దానికి పేరు. వచ్చిన ప్రతి కాగితానికీ నెంబరు. ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు. పని ముగిశాక కాగితం మీద ఒక ముద్ర. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ దాచాలి, డి.డిస్ అంటే పదేళ్ళు, ఎల్.డిస్ అంటే ఏడాది. అంతే, తర్వాత తగలెయ్యొచ్చు. ఆర్ బదులు ఎల్ పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒక వంశం హక్కు ఏడాది తిరక్కుండా పొయ్యిలోకి పోతుంది. కాగితం చదివి ఆ ముద్ర వెయ్యవలసిన మనిషి సాయంత్రం అయిదున్నర బస్సు కోసం గడియారం చూసుకుంటూ వుంటాడు. ఇది తిట్టుగా అనడంలేదు. నేనూ ఆ బస్సులోనే వెళ్ళేదాన్ని.

నేను ఎల్.డి.సి.గా ఒక తాలూకా కచేరీలో చేరింది 1977లో. ఏ తాలూకా అన్నది ఇక్కడ అనవసరం. ఆడవాళ్ళం ఇద్దరమే. వెనకాల రికార్డు రూము, పాతకాలంవాళ్ళు ముహాఫిజ్‌ఖానా అనేవారు. ఎర్రగుడ్డల్లో కట్టిన బస్తాలు నేల నుంచి దూలాల దాకా. వాటికి అధిపతి ఒక పెద్దాయన, రికార్డు కీపరు. ఉర్దూ, తెలుగూ రెండూ ముత్యాల్లా రాసేవారు. అందరం పెద్దసాబ్ అనేవాళ్ళం. ఆయన నన్ను "అమ్మా" అని పిలిచేవారు, కోపమొస్తే "బేటీ" అనేవారు.

ఒక వితంతువు వుండేది. భర్త పోయాడు, భూమి తన పేరు మీదికి మార్పించుకోవాలి. దరఖాస్తు ఇచ్చి చాలా నెలలైంది. వచ్చినప్పుడల్లా "విరాసతు కాయిదమెక్కడిదాక వచ్చింది సారూ?" అని అడిగేది. గుమాస్తా రిజిస్టరు తిప్పి "విరాసత్‌లో నీ పేరు లేదమ్మా" అనేవాడు. అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఎందుకంటే ఆ దరఖాస్తు తీసుకున్న గుమాస్తా దాన్ని "ఫౌతీ" అని ఎక్కించాడు. తర్వాత ఆ సీటుకు వచ్చిన ఆంధ్రా ఆయన "మ్యుటేషన్" అని వేరే పట్టీ పెట్టుకున్నాడు. కొత్తగా తెలుగులో రాయాలన్న ఉత్సాహంతో ఇంకొకతను "వారసత్వ మార్పు" అని రాయడం మొదలుపెట్టాడు. మనిషి పోవడం ఒకటే, భూమి ఒకటే, పేర్లు నాలుగు. అప్పటికి అధికార భాషా చట్టం వచ్చి, 1966 నుంచి, పదకొండేళ్ళయింది. 1974లో అధికార భాషా సంఘం కూడా ఏర్పడింది. వావిలాల గోపాలకృష్ణయ్యగారు దాని మొదటి అధ్యక్షులు. మంచి తెలుగు మాటలు వచ్చాయి. అయితే కొత్త మాట వచ్చినప్పుడు పాత మాట వెళ్ళిపోవాలి కదా, అది వెళ్ళలేదు. పక్కన బల్ల వేసుకుని కూర్చుంది.

చివరికి ఆ కాగితం దొరికింది, ఎండోమెంట్ల బస్తాలో! ఆవిడ మాట్లాడలేదు. కొంగుతో దాన్ని ఒకసారి తుడిచి బల్ల మీద పెట్టింది, అంతే.

తహసీల్దారుగారికి కోపమొచ్చి ఒక సర్క్యులరు తీశారు. ఇకమీదట ప్రతి కట్ట మీదా ఊరిపేరు, సర్వే నెంబరు, ఫసలీ, విషయం, డిస్పోజల్ తప్పక రాయవలెను. గుమాస్తాలందరం "చూశాను" అని సంతకాలు చేశాం. సర్క్యులరు ఫైలులో భద్రంగా పెట్టారు. కట్టలు ఎప్పటిలాగే వచ్చాయి. కొందరు కావాలనే రాయలేదు, అది చెప్పుకోవాలి. పేరు రాయని కట్ట తన చేతిలోది, రాసింది అందరిదీ. ఫైలు వెతికిపెట్టినందుకు చాయో, చాయకన్నా చిక్కనిదో దొరికే రోజులు. ఇంకా ఎక్కువమందికి మాత్రం వేరే సమస్య. రాయాల్సింది వాళ్ళు, సుఖపడేది వేరెవరో. అయిదేళ్ళ తర్వాత ఈ సీటుకు వచ్చే మనిషి కోసం ఇవాళ నేనెందుకు చెయ్యి నొప్పి పుట్టించుకోవాలి?

పెద్దసాబ్ ఏంచేశారంటే, ముందు ఎవరినీ ఏమీ రాయమనలేదు. ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వచ్చి, "మీరు దీన్నేమంటారు? దాన్నేమంటారు?" అని అడిగి పాత క్యాలెండరు వెనక రాసుకున్నారు. ఫౌతీ అనేవాళ్ళు ఎందరు, విరాసత్ అనేవాళ్ళు ఎందరు అన్నీ గీతలు. తర్వాత చాయ తాగే వేళకు అందరి ముందూ ఆ క్యాలెండరు పరిచారు. "నా మాట కాదు, మీ మాటలే. ఒక్కొక్కదానికి ఒక్కటి ఏరుకోండి. మిగిలినవి పక్కన చిన్నగా రాద్దాం, ఎవరైనా ఆ పేరుతో వస్తే దారి దొరకాలె" అన్నారు. గొడవ జరగలేదా? జరిగింది! విరాసతా, వారసత్వమా అని అరగంట. నేను తెలుగు మాట వైపు చెయ్యెత్తాను, ఓడిపోయాను. వచ్చే రైతు ఏమంటాడో అదే వుండాలని పెద్దసాబ్ పట్టు. విరాసత్ నిలిచింది. ఆ క్యాలెండరు రికార్డు రూము తలుపు మీద అంటింది.

ఆ తర్వాత ఆయన పద్ధతి భలే తమాషాగా వుండేది. సరిగ్గా పేరు రాసిన కట్టలోంచి ఫైలు కావాలంటే చాయ చల్లారేలోగా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. రాయని కట్టలోది అడిగితే టార్చిలైటూ, ముక్కుకు కట్టుకోను ఒక గుడ్డముక్కా చేతికిచ్చి, "మీ సామాను మీకే తెలుస్తది" అనేవారు, ఎంతో మర్యాదగా. దూలం మీది పావురాలూ, తేళ్ళూ ఆ మర్యాదలో భాగం కావు. కొన్ని నెలలు గడిచేసరికి అందరికన్నా మొండివాడైన గుమాస్తా తానే ఎర్రగుడ్డ మీద అట్టముక్క కుట్టి తెచ్చాడు. ఆయన చేతిరాత అంత బాగుంటుందని మాకు అప్పుడే తెలిసింది. పెద్దసాబ్ అది అందరికీ చూపించారు. అంతే, రాతల పోటీ మొదలైంది.

కాగితం దాచేవాడికి కష్టం, వెతికేవాడికి సుఖం. ఇద్దరూ ఒకరే అయినరోజున ఆ పని తనంతట జరుగుతుంది. సర్క్యులరుకు తెలియని ఈ సంగతి క్యాలెండరుకు తెలిసింది. అయితే ఆ పెద్దాయన రిటైరయ్యాక వచ్చిన ఆయన గోడలకు సున్నం వేయిస్తూ క్యాలెండరు చింపించేశారని విన్నాను. నాకు అప్పటికే బదిలీ అయింది.

1984 జనవరి 6న ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులు రద్దుచేసింది. తరతరాల కరణీకం, పట్వారీగిరీ ఒక్క కాగితంతో పోయాయి. సుప్రీంకోర్టు కూడా 1985లో ఆ రద్దును సమర్థించింది. ఆ పని జరగవలసిందే, అందులో నాకు సందేహం లేదు. పట్వారీ చేతి కలం కింద నలిగిన ఊళ్ళు ఎన్నో. కానీ వందేళ్ళ కిందట సాలార్‌జంగు ఏ ఓర్పుతో పాత దఫ్తర్ల పక్కన కొత్తవాటిని నిలబెట్టాడో, ఆ ఓర్పు ఇక్కడ లేదు. రికార్డులు అప్పగించమంటే కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు, కొందరు సగం ఇచ్చారు. ఇచ్చినవి కూడా, చింతచెట్టు చెలక సర్వే నెంబరెంతో చెప్పేవాడు లేక మూగవైపోయాయి. ఒక పట్వారీ భార్య ఎడ్లబండి మీద పుస్తకాలు దింపించి, "మా మామగారి నాటివి కూడ వున్నయి, చెదలు పట్టకుండ చూస్కోండ్రి" అని చెప్పి వెళ్ళడం నేను చూశాను. నలభై ఏళ్ళు వాటికి వేపాకు పెట్టింది ఆవిడేనట.

ఆ మరుసటేడే ఆడపిల్లలకు ఆస్తిలో వాటా వచ్చింది. 1986లో వచ్చిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చేలా రాశారు. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు. బాగానే వుంది. గడిలో ఆ పిల్ల పేరు రాయాలంటే ఏం రాయాలి? పుట్టింట్లో లచ్చవ్వ, బడిలో లక్ష్మి, పెళ్ళయ్యాక లక్ష్మీబాయి, రేషను కార్డులో ఇంటిపేరు మారిన లక్ష్మమ్మ. మగవాడు పుట్టిన పేరుతోనే పోతాడు. ఆడదాని పేరు పెళ్ళితో మారుతుంది, ఊరితో మారుతుంది. "భార్య", "కూతురు" అనే తోకలు మారతాయి. కాగితాలు కలవకపోతే ముందు జారిపడేది ఆవిడ పేరే. చట్టమిచ్చిన వాటాను గుమాస్తా స్పెల్లింగు లాగేసుకున్న సందర్భాలు నా సర్వీసులో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టి వుంటే బాగుండేది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. రాసే చెయ్యి మారింది గానీ గడి పోలేదు. తెలంగాణ వచ్చాక 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. తగాదా లేని భూములు పార్ట్-ఎ, తేలనివి పార్ట్-బి. చూశారా, మళ్ళీ రెండక్షరాలు! ఆర్‌కూ ఎల్‌కూ వున్నంత తేడా వీటికీ వుంది. 2018 మే నుంచి పార్ట్-ఎ వాళ్ళకు కొత్త పాసుపుస్తకం, రైతుబంధు. బి వాళ్ళకు తిరుగుడు. ఒక్క అక్షరం తేడాతో పేరు ఆధార్ కార్డుతో కలవనివాళ్ళు కూడా అందులో చిక్కుకున్నారు.

2020 సెప్టెంబరు 7న వి.ఆర్.ఓ.ల దగ్గరి రికార్డులన్నీ ఒక్కరోజులో తహసీల్దార్లకు అప్పజెప్పమన్నారు. ఆ పదవీ రద్దయింది. 1984 మళ్ళీ వచ్చినట్టనిపించింది నాకు. అక్టోబరు 29న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావుగారు ధరణి పోర్టల్ ప్రారంభించారు. ఎక్కడనుకున్నారు? మూడుచింతలపల్లిలో, లాల్‌గడి మలక్‌పేట్‌కు దగ్గర్లోనే. చుట్టూ జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. ఆ రోజుల్లోనే అక్కడ భారత్ బయోటెక్‌వారు కరోనా టీకా మీద పనిచేస్తున్నారు. సీసా మీద బ్యాచ్ నెంబరు లేకుండా ఒక్క చుక్క బయటికి పోని చోటు అది. ఆ పక్కనే రైతు తన సర్వే నెంబరు కింద బై నెంబరు కనబడటంలేదని మీసేవలో నిలబడి వున్నాడు.

ధరణితో రిజిస్ట్రేషనూ, పేరు మార్పూ ఒకేచోట, ఒకేపూట అయిపోయాయి. నేను చూసిన ఆ వితంతువు లాంటివాళ్ళకు, కాగితం తిన్నగా వుంటే, అది వరమే. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పహాణీలో వెనకటి నుంచీ అనుభవదారు అని ఒక గడి వుండేది. పట్టా ఎవరి పేరున వున్నా, చేను నిజంగా దున్నుతున్నదెవరో అందులో రాసేవారు. ధరణి వచ్చాక ఆ గడి లేదు. గడి లేకపోతే మనిషి లేడు. కౌలురైతు కనబడడు. పట్టా మామ పేరున వుండి, మగడు పట్నంలో వుండి, తానొక్కతే నాట్లు వేయించే కోడలు కనబడదు. బ్యాంకువాడికి కనబడదు, పంట పోయినప్పుడు పరిహారం రాసేవాడికీ కనబడదు. గడి ఎక్కువైతే గుమాస్తాకు కష్టమంటారు. నిజమే. ఏ గడి తీసెయ్యాలన్నది గుమాస్తానే అడిగివుంటే చెప్పేవాడు, అది మాత్రం వుంచమని. తాను పంచాయతీ పడుతున్నది అక్కడే కదా.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అదే ఏడాది ఊళ్ళకు గ్రామ పాలనాధికారులను మళ్ళీ నియమించారు. వాళ్ళలో చాలామంది పాత వి.ఆర్.ఓ.లు, వి.ఆర్.ఏ.లే. చిన్నవయసు పిల్లలు, చాలామంది ఆడపిల్లలు, ట్యాబులు పట్టుకుని ఊళ్ళకు వెళుతున్నారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "ఆంటీ, ఖాస్రాలో 'ఫౌతీ' అనుంది, అంటే ఏంటి?" అని అడిగింది. విరాసత్ అని చెప్పాను. "అదేంటి?" అంది. మ్యుటేషన్ అన్నాను. "ఓ, సక్సెషనా!" అని రాసుకుంది.

అయిదో పేరు.